పెప్టైడ్ వయల్ మూత తీసే ముందు, తీసిన తర్వాత

మా ల్యాబ్‌లో పెప్టైడ్ల ఫ్రీజర్ తాళం నా దగ్గరే ఉంటుంది. పెప్టైడ్లు అంటే అమైనో ఆసిడ్లు గొలుసుగా చేరిన చిన్న ప్రోటీన్ ముక్కలు. కొత్తగా చేరిన పీహెచ్‌డీ పిల్లలెవరైనా వచ్చి “మేడమ్, వయల్ ఇస్తారా, పది నిమిషాల్లో ప్రయోగం మొదలుపెట్టాలి” అంటే ఇవ్వను. పెప్టైడ్‌కు జరిగే నష్టంలో చాలా భాగం ఆ పది నిమిషాల్లోనే జరుగుతుంది. మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏళ్లపాటు చెక్కుచెదరకుండా ఉన్న పొడి, తొందరపడి మూత తీసినందుకు పాడవుతుంది. పైగా పాడైనట్టు కనిపించదు. తెల్ల పొడి తెల్లగానే ఉంటుంది, నీళ్లలో కరుగుతుంది, పిపెట్‌లోకి ఎక్కుతుంది. ఫలితాలు మాత్రం ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా వస్తాయి. సెల్స్‌ను, యాంటీబాడీని, ఇంక్యుబేటర్‌ను, చివరికి పక్క బెంచీ మనిషిని కూడా అనుమానించాక గానీ వయల్ మీదికి దృష్టి వెళ్లదు. ఈలోగా ఒక విద్యార్థి కష్టం, ఫెలోషిప్ గడువు, జంతువులతో చేసే ప్రయోగమైతే వాటి ప్రాణాలు వృథా అవుతాయి. అందుకే ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను. ఇక్కడ రాస్తున్నది మా ల్యాబ్‌లో పాటించే పద్ధతే.

మేముండేది విశాఖపట్నంలో. సముద్రం పక్క ఊరు. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు, 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. అంటే ఫ్రీజర్ వయల్ సంగతి సరే, మామూలు ఫ్రిజ్‌లోంచి తీసిన వయల్, ఏసీ గదిలోంచి కారిడార్‌లోకి తెచ్చిన వయల్ కూడా తడుస్తాయి. ఎక్కడో చలి దేశంలో రాసిన ప్రోటోకాల్‌లో “కాసేపు బయట పెట్టండి” అని ఒక్క ముక్క ఉంటుంది. మన తీరప్రాంతంలో ఆ ఒక్క ముక్కతో పని జరగదు.

వయల్ చేతికి వచ్చిన రోజు

పార్సిల్ రాగానే చాలామందికి పట్టుకునే టెన్షన్, “ఐస్ లేకుండా పంపారు, దారిలో పాడైపోయిందేమో” అని. లయోఫిలైజ్ చేసిన పెప్టైడ్, అంటే గడ్డకట్టించి వాక్యూమ్‌లో నీరు లాగేసిన పొడి, బాగా సీలు చేసి ఉంటే మామూలు గది ఉష్ణోగ్రతలో కొన్ని రోజుల ప్రయాణాన్ని సాధారణంగా తట్టుకుంటుంది. కస్టమ్స్‌లో నాలుగు రోజులు ఆగినంత మాత్రాన పారేయనవసరం లేదు. చూడాల్సింది సీలు సరిగా ఉందా, మూత వదులైందా, లోపల పొడి తడిసి జిగురుగా మారిందా అన్నది. వయల్ ఖాళీగా కనిపిస్తే వెంటనే ఫిర్యాదు చేయకండి. 1 మిల్లీగ్రాము పెప్టైడ్ చాలాసార్లు గాజు గోడకు పల్చటి పొరలా అంటుకుని ఉంటుంది, లేదా ప్రయాణంలో మూతలోకి చేరి ఉంటుంది.

ఆ రోజే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది: వయల్‌తో పాటు వచ్చే అనాలిసిస్ సర్టిఫికెట్ తీసి చదవడం. లాట్ (తయారీ విడత) నంబర్, హెచ్‌పీఎల్‌సీ (కలిసి ఉన్న పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) ప్యూరిటీ, మాస్ స్పెక్ట్రమ్ (అణువుల భారం చూపే పరీక్ష), ఏ లవణ రూపంలో ఉంది, నెట్ పెప్టైడ్ కంటెంట్ ఎంత, ఇవన్నీ రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఒకసారి ఒక సరఫరాదారు పంపిన సర్టిఫికెట్‌లో నెట్ కంటెంట్ అన్న వరుసే లేదు. మెయిల్ పెట్టి అడిగితే గానీ పంపలేదు. అడగడం మన హక్కు. ఆ సంఖ్య ఎంత అవసరమో కింద లెక్కలో చూపిస్తాను.

ఫ్రీజర్‌లో ఎక్కడ, ఎలా

పొడి రూపంలో ఉన్నవాటికి మైనస్ 20 చాలు, ఏళ్ల తరబడి దాచాలంటే మైనస్ 80 మేలు. కానీ డిగ్రీల కంటే ముందు ఫ్రీజర్ రకం చూడండి. ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజర్ అంటే మంచు పేరుకోకుండా మధ్యమధ్య దానంతటదే వేడెక్కి, మళ్లీ చల్లబడే యంత్రం. ఇంట్లో ఐస్‌క్రీమ్‌కు అది బాగుంటుంది. పెప్టైడ్‌కు మాత్రం రోజూ చలీ వేడీ మారుతూ ఉండటం మంచిది కాదు. మంచు చేత్తో గీకాల్సిన పాత రకం ఫ్రీజరే మాకు పనికొచ్చింది. ల్యాబ్‌కు కొత్త ఫ్రీజర్ ఇండెంట్ పెట్టేటప్పుడు ఈ మాట స్పష్టంగా రాయండి. లేకపోతే కొనుగోలు విభాగం వాళ్లు మంచిదే కదా అని ఫ్రాస్ట్-ఫ్రీ తెప్పిస్తారు.

వయల్స్‌ను విడివిడిగా అరల్లో వదిలేయకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, అందులో నిలబెట్టండి. మేము నారింజ రంగు సిలికా జెల్ వాడతాం. తేమ పీల్చుకున్నాక అది ఆకుపచ్చగా మారుతుంది. పాత నీలం రంగు రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, దానికి క్యాన్సర్ ప్రమాదం ఉందన్న హెచ్చరిక ఉంది కాబట్టి మానేశాం. రంగు మారిన జెల్‌ను 110–120 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. చల్లారేదాకా దాన్ని కూడా మూసే ఉంచాలి, లేకపోతే మన గాలికి మళ్లీ తాగేస్తుంది.

లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్, ఆస్పార్టిక్ ఆసిడ్, గ్లుటమిక్ ఆసిడ్ అనే అమైనో ఆసిడ్లు ఎక్కువగా ఉన్న పెప్టైడ్లు శ్రావణమాసంలో బెల్లంలా చెమ్మగిల్లుతాయి. వాటికి వేరే డబ్బా, ఎక్కువ జెల్ పెట్టండి. ట్రిప్టోఫాన్ ఉన్నవి, ఫ్లోరసెంట్ ట్యాగ్ ఉన్నవి వెలుతురు పడకుండా ఫాయిల్ చుట్టి ఉంచండి.

మూత తీయడం

ఇది నెమ్మదిగా చెప్పాల్సిన భాగం.

వయల్‌ను ఫ్రీజర్ లోంచి తీసి నేరుగా డెసికేటర్‌లో, అంటే తేమ పీల్చే జెల్ ఉన్న మూత డబ్బాలో, పెట్టి, ఏసీ గదిలో ఉంచండి. గదిలో 24 డిగ్రీలు, తేమ 55 శాతం ఉంటే నీరు పట్టే హద్దు 14 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. అందుకే ఏసీ గదికి ఇంత ప్రాధాన్యం. చిన్న వయల్ ఒక్కటే అయితే అరగంట, మొత్తం డబ్బా అయితే గంట పైనే. మూత మీద చేయి వేస్తే చల్లదనం తెలియకూడదు. బయట గాజు పొడిగా ఉండాలి. బయట ఒక్క నీటి బిందువు కనిపించినా ఇంకా సమయం కాలేదని అర్థం. అంతసేపు ఎదురుచూడటం పిల్లలకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఆ గంటలో బఫర్ (పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణం) చేసుకోవచ్చు, ట్యూబులకు లేబుళ్లు అంటించుకోవచ్చు, లెక్కలు నోట్‌బుక్‌లో రాసుకోవచ్చు. నిజానికి ఇవన్నీ మూత తీసే ముందే పూర్తి కావాలి.

తర్వాత వయల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో కొన్ని సెకన్లు స్పిన్ చేయండి. మూతకు అంటుకున్న పొడి అడుగుకు చేరుతుంది. అల్యూమినియం క్రింప్ సీలు ఉన్న వయల్ అయితే డీక్యాపర్‌తో తీయండి. సర్జికల్ బ్లేడుతో పెకలించబోయి వేళ్లు కోసుకున్నవాళ్లను చూశాను. కొన్ని వయల్స్ లోపల వాక్యూమ్ ఉంటుంది. ఒక్కసారిగా తెరిస్తే గాలి దూసుకెళ్లి దూది లాంటి ఆ పొడి పైకి లేస్తుంది. రబ్బరు మూతను కొంచెం కొంచెంగా వదులు చేసి గాలిని నిదానంగా లోపలికి పోనివ్వాలి.

మొత్తం వాడకపోతే, మిగిలిన పొడి మీదుగా ఆర్గాన్ గానీ నైట్రోజన్ గానీ కొన్ని సెకన్లు నెమ్మదిగా ఊది, మూత బిగించి, పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టి వెంటనే డబ్బాలో పెట్టేయండి. అయితే నా సలహా, ఒకే వయల్‌ను పదిసార్లు తెరిచే పరిస్థితి అసలు తెచ్చుకోవద్దు. ఆర్డర్ పెట్టేటప్పుడే 10 మిల్లీగ్రాముల ఒక వయల్ బదులు 1 మిల్లీగ్రాము వయల్స్ పది అడగండి. కొద్దిగా ఖర్చు పెరుగుతుంది. పాడైన పెప్టైడ్‌ను మళ్లీ తెప్పించే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.

లేబుల్ మీద 5 మిల్లీగ్రాములు అంటే

పిల్లలు ఎక్కువగా తడబడే చోటు ఇది. ప్యూరిటీ వేరు, నెట్ పెప్టైడ్ కంటెంట్ వేరు. ప్యూరిటీ 98 శాతం అంటే వయల్‌లో ఉన్న పెప్టైడ్లలో 98 శాతం మనం అడిగిన పెప్టైడే అని. వయల్‌లోని బరువులో 98 శాతం పెప్టైడే అని కాదు. ఆ బరువులో నీరు ఉంటుంది, తయారీలో వాడిన ట్రైఫ్లోరోఅసిటిక్ ఆసిడ్, అంటే మనం టీఎఫ్ఏ అనేది, లవణంగా అతుక్కుని ఉంటుంది.

యాంజియోటెన్సిన్ 2ను తీసుకుందాం. మన ఒంట్లో రక్తపోటు పెంచే హార్మోన్, 8 అమైనో ఆసిడ్లు, అణుభారం 1046. ఇందులో టీఎఫ్ఏను పట్టుకునే చోట్లు మూడు: మొదటి కొన, ఆర్జినిన్, హిస్టిడిన్. ఒక్కో టీఎఫ్ఏ భారం 114. మూడు కలిపితే 342. అంటే లవణం మొత్తం భారం 1388, అందులో పెప్టైడ్ వాటా 75 శాతమే. నీటి బరువు కూడా కలిస్తే 70 శాతానికి దిగడం సహజం. ఇప్పుడు 5 మిల్లీగ్రాముల వయల్‌లో నిజమైన పెప్టైడ్ 3.5 మిల్లీగ్రాములు, అంటే 3.35 మైక్రోమోల్స్. 1 మిల్లీమోలార్ ద్రావణం, అంటే మిల్లీలీటరుకు 1 మైక్రోమోల్, కావాలంటే 3.35 మిల్లీలీటర్లు పోయాలి. ఇది తెలియక 5 మిల్లీగ్రాములనే నమ్మి లెక్క వేస్తే 4.78 మిల్లీలీటర్లు పోస్తాం. సీసా మీద 1 మిల్లీమోలార్ అని రాస్తాం, లోపల ఉండేది 0.7. లాట్ మారితే నెట్ కంటెంట్ కూడా మారుతుంది. పాత లాట్‌తో వచ్చిన ఫలితం కొత్త లాట్‌తో రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

టైరోసిన్ గానీ ట్రిప్టోఫాన్ గానీ ఉంటే కరిగించాక 280 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్, అంటే ఎంత కాంతిని పీల్చుకుంటుందో, చూసి సరిచూసుకోవచ్చు. టైరోసిన్ ఒక్కోదానికి 1490, ట్రిప్టోఫాన్‌కు 5500 అన్నది వాడుకలో ఉన్న గుణకం. యాంజియోటెన్సిన్ 2లో టైరోసిన్ ఒకటి ఉంది కాబట్టి 1 మిల్లీమోలార్ ద్రావణం 1 సెంటీమీటర్ క్యువెట్‌లో దాదాపు 1.49 చూపించాలి. ఇవేవీ లేని పెప్టైడ్‌కు అమైనో ఆసిడ్ అనాలిసిస్సే సరైన దారి.

ఇంకో మాట. టీఎఫ్ఏ సెల్స్‌కు, ముఖ్యంగా ఎక్కువ మోతాదుల్లో, ఇబ్బంది పెట్టవచ్చు. సెల్ కల్చర్ కోసం తెప్పిస్తుంటే అసిటేట్ లేదా హైడ్రోక్లోరైడ్ రూపంలో అడగండి. కంట్రోల్ వెల్స్‌లో (పెప్టైడ్ వేయని, పోల్చడానికి ఉంచే గుంటల్లో) కూడా అదే లవణం, అదే సాల్వెంట్ (కరిగించే ద్రవం) పడాలి.

1, 2 మిల్లీగ్రాముల వయల్‌ను తూచే ప్రయత్నం చేయవద్దు. స్టాటిక్ వల్ల పొడి స్పాచులాకూ, గ్లవ్స్‌కూ, బ్యాలెన్స్ గోడకూ అతుక్కుంటుంది. ఆ వయల్‌లోనే సాల్వెంట్ పోసి మొత్తం కరిగించేయండి.

దేనిలో కరిగించాలి

ముందు సీక్వెన్స్, అంటే అమైనో ఆసిడ్ల వరుస, కాగితం మీద రాసుకుని చార్జ్ లెక్కపెట్టండి. లైసిన్, ఆర్జినిన్, మొదటి కొనకు ప్లస్ 1. ఆస్పార్టిక్ ఆసిడ్, గ్లుటమిక్ ఆసిడ్, చివరి కొనకు మైనస్ 1. హిస్టిడిన్ పీహెచ్ 6 కంటే తక్కువ ఉన్నప్పుడు ప్లస్ కింద లెక్క. మొత్తం ప్లస్ వస్తే ముందు శుభ్రమైన నీళ్లతో ప్రయత్నించండి, కరగకపోతే 10 శాతం అసిటిక్ ఆసిడ్ చుక్కలు చుక్కలుగా కలపండి. మైనస్ వస్తే నీళ్లు, తర్వాత పలచటి అమ్మోనియం బైకార్బొనేట్. చార్జ్ దాదాపు లేకుండా, లూసిన్, వాలిన్, ఫినైల్అలనిన్ లాంటివి నిండుగా ఉంటే మొదటే డీఎంఎస్ఓ అనే సాల్వెంట్ కొద్దిగా తీసుకుని అందులో కరిగించి, దాన్ని బఫర్‌లోకి చుక్కచుక్కగా, కలుపుతూ వదలాలి. బఫర్‌ను తీసుకెళ్లి డీఎంఎస్ఓలో ఒకేసారి గుమ్మరిస్తే పెప్టైడ్ తెల్లగా విరిగి కిందికి దిగుతుంది. సెల్స్ మీదికి వెళ్లేసరికి డీఎంఎస్ఓ 0.1 శాతం దగ్గర ఉండేలా చూసుకుంటే నిశ్చింత.

ఏది చేసినా ముందు కొద్ది భాగంతో పరీక్షించండి. కరగలేదని అసహనంతో వేడి చేయవద్దు. సోనికేటర్ బాత్‌లో (శబ్దతరంగాలతో కదిపే నీటి తొట్టిలో) కొన్ని నిమిషాలు ఉంచి, మధ్యలో ఐస్ మీద పెట్టి, మళ్లీ చూడండి. ద్రావణం మసగ్గా ఉంటే అది కరిగినట్టు కాదు, తేలుతున్నట్టు.

డీఎంఎస్ఓ 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఏసీ 18కి పెట్టిన పరికరాల గదిలో సీసా రాయిలా కనిపిస్తే కంగారు పడకండి. డీఎంఎస్ఓలో దాచిన వాటాలను ఐస్ మీద కరిగించాలని చూడకండి, గది ఉష్ణోగ్రతకు తెచ్చి, వోర్టెక్స్ యంత్రంతో కుదిపి, స్పిన్ చేసి వాడండి. ఇది కూడా గాలిలోని తేమను బాగా తాగే ద్రవమే, మూత తెరిచి మాట్లాడుకుంటూ నిలబడవద్దు.

సిస్టీన్, మెథియోనిన్ ఉంటే

డీఎంఎస్ఓ సిస్టీన్‌ను ఆక్సిడైజ్ చేస్తుంది. మెథియోనిన్ విషయంలోనూ నమ్మలేం. వీటికి డీఎంఎఫ్ అనే సాల్వెంట్ వాడండి. యాంటీబాడీ తయారీ కోసం పెప్టైడ్ కొనకు ఒక సిస్టీన్ చేర్చి, దాన్ని కేఎల్‌హెచ్ అనే పెద్ద వాహక ప్రోటీన్‌కు, సిస్టీన్‌ను పట్టుకునే మాలీమైడ్ అనే రసాయనం ద్వారా అతికించడం మామూలుగా జరిగే పని. ఆ సిస్టీన్ స్వేచ్ఛగా ఉంటేనే అతుక్కుంటుంది. గాలి తగిలి రెండు పెప్టైడ్లు డైసల్ఫైడ్ (గంధకపు) బంధంతో జతకట్టేశాయంటే కేఎల్‌హెచ్ ఖాళీగా మిగిలిపోతుంది, కుందేలుకు ఇంజెక్షన్లు ఇచ్చినా యాంటీబాడీ రాదు. కాబట్టి అలాంటి పెప్టైడ్‌ను నైట్రోజన్ ఊది గాలి తీసేసిన బఫర్‌లో, పీహెచ్ 7 దాటకుండా, అవసరమైనంత మాత్రమే, అతికించే రోజునే కరిగించాలి.

పాడైందో లేదో చెప్పేది మాస్ స్పెక్ట్రమ్. మెథియోనిన్ ఆక్సిడైజ్ అయితే భారం 16 పెరుగుతుంది. ఆస్పరజిన్, ముఖ్యంగా దాని పక్కన గ్లైసిన్ ఉన్నప్పుడు, అమ్మోనియా కోల్పోయి భారం 1 పెరిగిన రూపంలోకి మారుతుంది, క్షార బఫర్‌లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మొదటి అమైనో ఆసిడ్ గ్లుటమిన్ అయితే అది మెలికపడి 17 తగ్గుతుంది. ఆస్పార్టిక్ ఆసిడ్ పక్కన ప్రోలిన్ ఉంటే ఆమ్లంలో ఆ బంధమే తెగవచ్చు. సీక్వెన్స్ చూడగానే ఈ బలహీన చోట్లను పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టడం మా పిల్లలకు అలవాటు చేశాను. ఏ పెప్టైడ్‌ను పొడిగానే ఉంచాలో, దేన్ని ద్రావణంగా కొన్నాళ్లు నమ్మవచ్చో ఆ గుర్తులే చెప్తాయి.

అమిలాయిడ్ బీటా 1-42

అల్జీమర్స్ రోగుల మెదడులో ముద్దలుగా పేరుకునే పెప్టైడ్ ఇది, ఆ జబ్బు మీద పనిచేసేవాళ్లందరికీ తెలిసిన తలనొప్పి. 42 అమైనో ఆసిడ్లు, భారం 4514. పొడిలోనే కొంత భాగం ముందుగా పేరుకుని వస్తుంది. నేరుగా నీళ్లలో కరిగిస్తే ఆ ముద్దలే విత్తనాలై మిగతాదాన్ని కూడా లాగేస్తాయి, ప్రతి ప్రయోగానికీ వేరే లెక్క వస్తుంది. అందుకని ముందు హెచ్ఎఫ్ఐపీ అనే సాల్వెంట్‌లో కరిగించి పాత ముద్దలన్నీ విడగొడతాం. వయల్ గది ఉష్ణోగ్రతకు వచ్చాక, ఫ్యూమ్ హుడ్‌లో, 1 మిల్లీగ్రాముకు దాదాపు 220 మైక్రోలీటర్ల హెచ్ఎఫ్ఐపీ పోస్తే 1 మిల్లీమోలార్ అవుతుంది. అరగంట నుంచి గంట ఉంచి, చిన్న పాలీప్రొపిలీన్ ట్యూబుల్లోకి పంచుతాం. చాలా ప్రోటోకాళ్లలో ట్యూబులను హుడ్‌లో రాత్రంతా తెరిచి ఉంచమంటారు. మా గాలికి అది నచ్చక నైట్రోజన్ మెల్లగా ఊదుతూ ఆరబెట్టి, ఆ తర్వాత వేడి లేకుండా వాక్యూమ్‌లో గంట ఉంచుతాం. ట్యూబు అడుగున పారదర్శకమైన పల్చటి పొర మిగలాలి. దాన్ని సిలికా జెల్‌తో మైనస్ 20లో దాచి, వాడేరోజు డీఎంఎస్ఓతో 5 మిల్లీమోలార్ చేసి, 10 నిమిషాలు సోనికేట్ చేసి, చల్లటి బఫర్‌లో పలుచన చేస్తాం.

హెచ్ఎఫ్ఐపీ 59 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఆవిరి కళ్లనూ ఊపిరితిత్తులనూ కాలుస్తుంది. హుడ్ బయట సీసా మూత తీయడానికి మా ల్యాబ్‌లో ఎవరికీ అనుమతి లేదు, నాతో సహా.

చిన్న వాటాలుగా

కరిగించిన పెప్టైడ్‌ను ఒకే ట్యూబులో ఉంచి రోజూ కరిగించి, మళ్లీ గడ్డకట్టించడమే అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టే అలవాటు. ఒక రోజుకు ఎంత కావాలో అంత, 20 లేదా 50 మైక్రోలీటర్ల చొప్పున, పంచి మైనస్ 80లో పెట్టండి. తీసింది వాడగా మిగిలితే పారేయండి. ఆ మిగిలిన 10 మైక్రోలీటర్ల మీద ప్రేమ పెంచుకోవద్దు.

సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో, పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీటి బఫర్‌లో) గడ్డకట్టించవద్దు. చల్లబడేటప్పుడు డైసోడియం లవణం ముందుగా స్ఫటికాలై విడిపోతుంది, మిగిలిన ద్రవంలో పీహెచ్ బాగా పడిపోతుంది. నీళ్లలో గానీ పలచటి అసిటిక్ ఆసిడ్‌లో గానీ గాఢంగా దాచి, పీబీఎస్‌ను వాడేటప్పుడు కలపండి. పలుచటి ద్రావణాలకు ఇంకో బెడద, పెప్టైడ్ ట్యూబు గోడలకే అంటుకుపోతుంది. ప్లస్ చార్జ్ ఉన్నవి గాజుకు, కొవ్వు స్వభావం ఉన్నవి పాలీస్టైరీన్‌కు. లో-బైండ్ ట్యూబులు వాడండి. స్టెరిలైజ్ చేయాలంటే 0.2 మైక్రాన్ల ఫిల్టర్ సరిపోతుంది, కానీ ఫిల్టర్ కూడా కొంత మింగేస్తుంది కాబట్టి ఫిల్టర్ చేశాక మళ్లీ గాఢత కొలవండి.

లేబుల్ మీద పెప్టైడ్ పేరు, లాట్, గాఢత, సాల్వెంట్, తేదీ, చేసినవారి పొడి అక్షరాలు. మామూలు మార్కర్ సిరా ఒక్క చుక్క ఇథనాల్‌కు చెరిగిపోతుంది, క్రయో లేబుల్ వాడండి. “పెప్ 1”, “కొత్తది” అని రాసిన ట్యూబు కనిపిస్తే నేను అడక్కుండానే పారేస్తానని అందరికీ తెలుసు.

మన ఒంటి జాగ్రత్త

పెప్టైడ్ అంటే ప్రోటీన్ ముక్కే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. పైన లెక్కలో వాడిన యాంజియోటెన్సిన్ 2కే 2017లో అమెరికాలో, షాక్‌లో ఉన్న రోగులకు రక్తపోటు పెంచే మందుగా అనుమతి వచ్చింది. నానోగ్రాముల్లో ఇచ్చే మందు అది. మన వయల్‌లో ఉన్నది మిల్లీగ్రాములు. మెలిటిన్ తేనెటీగ విషంలోని ప్రధాన భాగం. కొత్తగా తయారుచేయించిన సీక్వెన్స్ అయితే దాని ప్రభావం ఇంకా ఎవరూ చూసి ఉండరు. అందుకే పొడిని ఫ్యాన్ కింద ఎప్పుడూ తూచవద్దు, గాలి కదలని ఎన్‌క్లోజర్‌లో, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, కోటు వేసుకుని తూచండి. డీఎంఎస్ఓ చర్మం గుండా లోపలికి పోతుంది, తనలో కరిగినదాన్ని కూడా మోసుకుపోగలదు. పల్చటి గ్లవ్ మీద పడితే తుడుచుకోవడం కాదు, గ్లవ్ మార్చండి. పొడి ఒలికితే చీపురు, బ్రష్ వద్దు, తడి టిష్యూతో ఒత్తి తీయండి.

జిమ్‌కు వెళ్లే తమ్ముళ్లు కొందరు నన్ను బీపీసీ-157 అనే పెప్టైడ్ గురించి, “రీసెర్చ్ పెప్టైడ్” పేరుతో అమ్మే ఇంజెక్షన్ల గురించి అడుగుతుంటారు. ఇది వాళ్ల కోసం. పరిశోధనకు మాత్రమే అని రాసిన వయల్ మనిషి ఒంట్లోకి వెళ్లడానికి తయారైంది కాదు. స్టెరిలిటీ, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) పరీక్షలు చేసి ఉంటారన్న హామీ లేదు. బీపీసీ-157ను ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ 2022 నుంచి నిషేధిత జాబితాలో పెట్టింది. ఎంత ప్యూరిటీ ఉన్నా, ఎవరు చెప్పినా ఒంట్లోకి ఎక్కించుకోవద్దు. ల్యాబ్‌లోంచి ఇవ్వమని స్నేహితుడు అడిగినా ఇవ్వవద్దు.

వ్యర్థాల్లో హెచ్‌పీఎల్‌సీకి వాడే అసిటోనైట్రైల్, డీఎంఎఫ్, హెచ్ఎఫ్ఐపీ వేటికవి లేబుల్ వేసిన సీసాల్లోకి వెళ్లాలి. సింక్‌లోకి కాదు.

కరెంటు పోయినప్పుడు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక చాలా ప్రాంతాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను హెచ్చరిక రాగానే ఏం చేయాలో ముందే కాగితం మీద రాసి ఫ్రీజర్ తలుపుకు అంటించి ఉంచాలి. ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు పెట్టి గడ్డకట్టించండి, నిండుగా ఉన్న ఫ్రీజర్ నెమ్మదిగా వేడెక్కుతుంది. కరెంటు పోయాక తలుపు తెరవకండి. కాపాడే వరుసలో ద్రావణాలు ముందు, పొడులు తర్వాత. సిలికా జెల్‌తో సీలు చేసిన పొడి రెండు మూడు రోజులు గది వేడిలో ఉన్నా సాధారణంగా తట్టుకుంటుంది, కరిగిన ద్రావణం తట్టుకోదు.

డ్రై ఐస్ దొరికితే మంచిదే, మైనస్ 78 డిగ్రీలు ఇస్తుంది. అయితే దాన్ని బిగుతుగా మూసే డబ్బాలో పెట్టవద్దు, పేలుతుంది. ఏసీ వేసి అద్దాలు మూసిన కారులో తీసుకెళ్లవద్దు, వచ్చే కార్బన్ డయాక్సైడ్‌కు ఊపిరాడదు. ఆ వాయువు మూత వదులుగా ఉన్న ట్యూబుల్లోకి చేరి ద్రావణాన్ని ఆమ్లంగా కూడా మారుస్తుంది, కాబట్టి పారాఫిల్మ్ చుట్టాకే అందులో పెట్టండి.

మనం లేనప్పుడు ఫ్రీజర్ కరిగి మళ్లీ గడ్డకట్టిందా అన్నది తెలుసుకోవడానికి ఒక ట్యూబులో సగం నీళ్లు గడ్డకట్టించి, తలకిందులుగా నిలబెట్టి ఉంచుతాం. మంచు పైనే ఉంటే సరే. మూత వైపుకు దిగి గడ్డకట్టి ఉంటే, ఆ అరలో ఉన్న ద్రావణాల వాటాలన్నీ పారేసి, పొడుల్లో ఒక్కో లాట్ నుంచి కొద్దిగా తీసి హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ చేయించి, పాత సర్టిఫికెట్‌తో పోల్చాకే మళ్లీ వాడకానికి ఇస్తాను. ఆ తేదీ, ఏ అర, ఏయే లాట్లు అన్నది రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో రాసి ఉంటుంది.